కొత్త కారుకు పాత ఇంజను

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి ఇద్దరు కలిసి రాశారు. ఇద్దరూ ఎనిమిదో తరగతి, ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఇంగ్లండులో ఒకాయన ఇంటి పక్క షెడ్డులో స్వంతంగా స్పోర్ట్సు కారు కట్టుకుంటున్న బొమ్మ ఒకటి వీళ్ళు చూశారట. ఆయన ఏదో పాత కారులోంచి ఇంజను ఊడదీసి, దాన్ని తన కారుకు ముందువైపున కాక, డ్రైవరు వీపు వెనకాల బిగిస్తున్నాడట. దాని మీద వీళ్ళకు వాదం వచ్చింది. "మాస్టారూ, ఎట్లాగూ కష్టపడి కట్టుకుంటున్నప్పుడు, దొరికినవాటిలోకల్లా ఎక్కువ హార్స్‌పవరు ఉన్న ఇంజనే పెట్టుకోవాలని నేనంటాను. కాదని వీడంటాడు. ఎందుకు కాదురా అంటే చెప్పలేడు. తీర్పు మీరే చెప్పాలి. పందెం ఒక క్రికెట్టు బంతి" అని రాశారు.

తీర్పు ముందే చెబుతాను. కాదన్నవాడే గెలిచాడు. అయితే కారణం చెప్పలేని గెలుపు సగం గెలుపే గనుక, బంతి అప్పుడే చేతులు మారకూడదు. ముందు కారణాలు వినండి.

ఇంగ్లండులో ఇట్లా ఇంట్లో కారు కట్టుకునే సరదా ఎన్నో ఏళ్ళుగా ఉన్నది. చట్రం, పైడొప్ప ఎవరికి వారు చేసుకోవచ్చు గాని, ఇంజను ఇంట్లో చెయ్యటం ఎవరి తరమూ కాదు. అందుకని ఒక పాత కారును తుక్కు ధరకు కొని, దాని ఇంజను తీసి వాడుకుంటారు. ఆ పాత కారును "డోనరు" అంటారు. అంటే దాత. దాతలు మనకు కొత్తవాళ్ళు కాదు గదా! కర్ణుడు కవచకుండలాలు ఇస్తే, ఈ దాత గుండెకాయనే కోసి ఇస్తుంది.

ఆ గుండెకాయను వీపు వెనకాల పెట్టడమెందుకు? మీరు కావడి మోసేవాణ్ణి చూశారా? చూడకపోతే తాతయ్యను అడగండి. కావడికి రెండు కొసలా రెండు నీళ్ళ కుండలు వేలాడుతూ ఉంటాయి. తిన్నగా నడిచినంతసేపూ బాగానే ఉంటుంది. సందు మలుపు దగ్గర గబుక్కున తిరగబోతే కుండలు తిరగవు. తిరగటం మొదలుపెట్టినాక ఆగవు. అవే రెండు కుండలు కడుపుకు ఆనించి పట్టుకుంటే చటుక్కున తిరగవచ్చు. బరువు మారలేదు, బరువు ఉన్న చోటు మారింది. కావాలంటే ఒక రూళ్ళకర్ర రెండు కొసలకూ రెండు బంకమట్టి ముద్దలు అంటించి, మధ్యలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూడండి. తరువాత ముద్దలు రెంటినీ మధ్యకు జరిపి తిప్పండి. తేడా మీ మణికట్టే చెబుతుంది.

కారులో ఇంజనే పెద్ద కుండ. దాన్ని డ్రైవరు వెనక, వెనక ఇరుసుకు ముందు పెడితే బరువు కారు నడుమకు వస్తుంది. అందుకే దాన్ని "మధ్య ఇంజను కారు" అంటారు. ఇంకొక లాభం కూడా ఉన్నది. కారును తోసేవి వెనక చక్రాలు. వాటి మీద బరువు ఉంటే అవి నేలను గట్టిగా పట్టుకుంటాయి. అయితే ఇట్టే తిరిగే కారు, డ్రైవరు తప్పు చేస్తే అంత చటుక్కునా గిర్రున తిరిగిపోతుంది. ఆ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఇక అశ్వశక్తి మాట. నేను పనిచేసిన ఒక ఊళ్ళో ఒక రైతు ఉండేవాడు. ఆయన బావికి 5 అశ్వశక్తి మోటారు చాలునని మేస్త్రీ చెప్పాడు. పక్క చేనులో 3 అశ్వశక్తి మోటారు ఉన్నది గనుక, పంతానికి ఈయన 10 పెట్టించాడు. మోటారు వెయ్యగానే నీళ్ళు ధారగా దూకాయి. ఊరంతా వచ్చి చూసింది. గంటలోపల బావి అడుగు కనిపించింది, మోటారు గాలి పీల్చటం మొదలుపెట్టింది. మళ్ళీ ఊట ఊరేదాకా గట్టు మీద కూర్చోవటమే పని. పక్క చేనులో చిన్న మోటారు పొద్దస్తమానం తడుపుతూనే ఉన్నది. టైర్లకు నేల మీద ఉండే పట్టు ఆ బావి ఊట వంటిది. ఆ పట్టుకు మించి ఇంజను తిప్పితే చక్రాలు జారి తిరుగుతాయే గాని కారు ముందుకు దూకదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. ఇంజను, గేర్‌బాక్సు తప్ప మిగిలిన కారు, నడిపే మనిషితో సహా, 450 కిలోలు అనుకోండి. గేర్‌బాక్సుతో కలిపి 150 కిలోలు ఉండే ఇంజను ఒకటి, దాని శక్తి 120. మొత్తం 600 కిలోలు. ఒక్కొక్క అశ్వం వంతుకు 5 కిలోలు. రెండో ఇంజను 270 కిలోలు, శక్తి 160. మొత్తం 720 కిలోలు. వంతుకు 4.5 కిలోలు. పెద్ద ఇంజనే గెలిచినట్టు కనిపిస్తున్నది గదా? ఆగండి. అంత బరువును మోయటానికి చట్రం లావు చెయ్యాలి. ఆపటానికి పెద్ద బ్రేకులు, వెడల్పాటి టైర్లు, పెద్ద రేడియేటరు కావాలి. వీటన్నిటికీ ఇంకొక 60 కిలోలు వేసుకుంటే మొత్తం 780. దాన్ని 160తో భాగిస్తే 4.9 దాకా వస్తుంది. 5 ఎక్కడ, 4.9 ఎక్కడ? ఆ ఒక్క పిసరు కోసం 180 కిలోలు అదనంగా మోస్తున్నాము. అంటే రెండు బస్తాల బియ్యానికి పైమాటే. తిన్నని రోడ్డు మీద దాదాపు సమానం, మలుపు వచ్చేసరికి చిన్న ఇంజను కారే ముందు.

ఇది కాగితం మీది లెక్క అని పందెంలో మొదటివాడు గునుస్తాడు. నిజంగా జరిగిన కథ చెబుతాను.

ఇంగ్లండులో సర్బిటన్ అనే చోట చార్లెస్ కూపర్ అనే ఆయనకు కార్లు బాగుచేసే గారేజి ఉండేది. ఆయన కొడుకు జాన్. యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు, 1946లో, జాన్, అతని స్నేహితుడు ఎరిక్ బ్రాండన్ కలిసి పందెపు కారు కట్టాలనుకున్నారు. సామాను దొరకని రోజులు. ఫియట్ కంపెనీవారి 500 అనే బుల్లి కార్ల ముందు భాగాలు రెండు తీసుకుని, ఒకదాని వీపుకు ఒకటి పెట్టి అతికారు. అంటే ముందు వైపూ ముందే, వెనక వైపూ ముందే! ఇంజను సంగతి వచ్చింది. కారు ఇంజను జోలికి పోలేదు. మోటారు సైకిలు పందేలలో వాడే జె.ఎ.పి. ఇంజను తీసుకున్నారు. ఒకే సిలిండరు, 500 సి.సి. మోటారు సైకిలు ఇంజను గొలుసుతో చక్రాన్ని తిప్పుతుంది గదా. గొలుసు పొడవైతే చిక్కు. అందుకని ఇంజనును వెనక చక్రాల దగ్గరగా, డ్రైవరు వెనక పెట్టేశారు. అదేదో గొప్ప శాస్త్రం కనిపెడుతున్నామని తాము అనుకోలేదని, పని సులువవుతుందనే అట్లా చేశామని జాన్ కూపర్ తరువాతి రోజుల్లో చెప్పుకున్నాడు.

చూశారా, ఇంజను ఏదో తేలిన తరువాత అది ఎక్కడ ఉండాలో కూడా తేలిపోయింది! ఇంజను వెనక పెట్టటం అంతకు ముందు లేదని కాదు. జర్మనీలో 1934 నుంచి ఆటో యూనియన్ వారి పందెపు కార్లు 16 సిలిండర్ల ఇంజన్లను వెనక పెట్టుకుని పరుగెత్తాయి. యుద్ధంతో అవి పోయాయి. గారేజి పిల్లలు చేసినది నిలిచింది.

కూపర్ల రెండో ఇంజను మరీ విచిత్రం. 1950లో బ్రిటిషు ప్రభుత్వానికి, మంటలు ఆర్పటానికి మనుషులు మోసుకుపోగల తేలికైన పంపు కావలసి వచ్చింది. కోవెంట్రీ క్లైమాక్స్ అనే కంపెనీలో వాల్టర్ హాసన్, హారీ మండీ అనే ఇంజనీర్లు దానికొక ఇంజను చేశారు. అల్యూమినియముతో పోతపోసిన 1020 సి.సి. ఇంజను. దాని పేరుకు అర్థం "ఈక బరువు" అని. పందెపు కార్లవాళ్ళు దాన్ని చూసి, ఇంత తేలిక ఇంజను మాకు కావాలని వెంటపడ్డారు. 1954లో దాన్ని 1098 సి.సి.కి పెంచి కార్లకు తగినట్టు చేశారు. శక్తి సుమారు 72 అశ్వాలు. 1955లో కూపర్లు దాన్ని చిన్న స్పోర్ట్సు కారులో, డ్రైవరు వెనక, ఎక్కించారు. దానికి కలిపిన గేర్‌బాక్సు ఎక్కడిదనుకున్నారు? ఫ్రాన్సులో సిత్రోయెన్ వారు సంసారులు తిరిగే కారుకు పెట్టిన గేర్‌బాక్సు! దాన్ని కొంత మార్చి వాడారు. నిప్పు ఆర్పే ఇంజను, సంసారపు గేర్‌బాక్సు, గారేజిలో కట్టిన కారు.

ఇక 1958 జనవరి 19 నాటి కథ. అర్జెంటీనాలో గ్రాండ్ ప్రీ పందెం. రాబ్ వాకర్ అనే ఆయన కూపరు కారును స్టర్లింగ్ మాస్ నడుపుతున్నాడు. ఇంజను క్లైమాక్స్ వారిదే. అయితే నిప్పు పంపుది కాదు, ఆ కంపెనీవారే తరువాత పందేల కోసం చేసినది. దాని పరిమాణం 2 లీటర్లకు కొంచెం తక్కువ. ఎదుట ఫెరారి కార్లు, 2.4 లీటర్ల ఇంజన్లు, ముందువైపు బిగించినవి. కూపరును చూసి భయపడినవారు లేరు. అదీగాక దానికొక లోపం ఉన్నది. తక్కిన కార్ల చక్రాలు మధ్య మర మీద ఒక్క దెబ్బ వేస్తే ఊడి వస్తాయి. కూపరు చక్రానికి నాలుగు బోల్టులు. టైరు మార్చటానికి ఆగితే పందెం పోయినట్టే. మాస్ మనుషులు ఏం చేశారంటే, కొత్త టైర్లు తెచ్చి వరసగా పెట్టి, ఇదిగో మార్చబోతున్నామన్నట్టు హడావుడి చేశారు. ఆగకపోతాడా, ఆగినప్పుడు దాటేద్దాంలే అని ఫెరారివాళ్ళు నిదానంగా ఉన్నారు. మాస్ ఆగలేదు. టైర్ల రబ్బరు అరిగి లోపలి గుడ్డ పైకి తేలింది. నూనె పడి నున్నగా ఉన్నచోట్ల చక్రాలు పెట్టి, టైర్లను కాపాడుకుంటూ నడిపాడు. మోసం తెలిసి ఫెరారి నడిపే ముస్సో తరుముకు వచ్చాడు గాని అప్పటికే ఆలస్యమైపోయింది. మాస్ 2.7 సెకండ్ల తేడాతో గెలిచాడు. ప్రపంచ విజేత పదవికి లెక్కించే పందెంలో మధ్య ఇంజను కారు గెలవటం అదే మొదలు.

టైర్లు చివరిదాకా ఎందుకు నిలిచాయి? నడిపేవాడి నేర్పు ఉన్నది, కాదనను. కాని కారు తేలిక. తేలిక కారు టైర్లను తక్కువగా తింటుంది. పెద్ద ఇంజను కారుకు ఆ సౌకర్యం లేదు.

తరువాత 1959లోనూ 1960లోనూ జాక్ బ్రభామ్ కూపరు కార్లతోనే ప్రపంచ విజేత అయ్యాడు. ఎడ్లు బండిని లాగుతాయి గాని వెనక నుంచి తొయ్యవు అని ఫెరారి కంపెనీ యజమాని అనేవాడని చెబుతారు. 1961లో ఆయన కూడా ఎడ్లను బండి వెనక కట్టుకున్నాడు.

సరే, అవి పందెపు గొప్పలు. షెడ్డులో ఒంటరిగా పనిచేసుకునే మనిషి నేడు ఇంజనును ఎట్లా ఎంచుకోవాలి? అశ్వశక్తిని చివరికి నెట్టి, మొదట అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: ఈ ఇంజను ఏ వైపుకు తిరిగి కూర్చుంటుంది?

మీ సైకిలును స్టాండు వేసి, పెడలు తిప్పండి. వెనక చక్రం వీధివైపు పోవాలన్నట్టు తిరుగుతుంది. తిరుగుతూ ఉండగానే సైకిలును ఎత్తి, ముందు వెనకలు మార్చి పెట్టండి. ఇప్పుడదే చక్రం ఇంట్లోకి పోవాలన్నట్టు తిరుగుతున్నది. అంతే సంగతి. 1966లో లోటస్ కంపెనీవారు యూరోపా అనే మధ్య ఇంజను కారు చేసి, దానికి రెనో 16 అనే కారు ఇంజనును, గేర్‌బాక్సుతో సహా తీసుకున్నారు. రెనో కారులో అది ముందు చక్రాలను తిప్పుతుంది. గేర్‌బాక్సు ముందు, ఇంజను వెనక. లోటసులో ఇంజను ముందు, గేర్‌బాక్సు వెనక ఉండాలి. కనుక మొత్తాన్ని వెనుదిప్పి పెట్టారు. ఊరికే అట్లా వదిలేస్తే ఏమయ్యేదో చెప్పండి? ఆ కారుకు వెనక్కు పోయే గేర్లు నాలుగు, ముందుకు పోయేది ఒకటి ఉండేవి! అందుకని చక్రాలకు శక్తి పంచే పళ్ళచక్రాన్ని లోపల రెండో వైపుకు మార్చి బిగించారు. అన్ని గేర్‌బాక్సులలోనూ ఇట్లా మార్చటానికి వీలుండదు. వీలు లేదని కొన్న తరువాత తెలిస్తే, ఆ ఇంజను షెడ్డులో ముగ్గులు పెట్టిన సన్నికల్లులాగా పడి ఉంటుంది.

ఇంజను అడ్డంగా కూర్చునే కార్లతో ఈ బాధ లేదు. నేడు మనం రోడ్డు మీద చూసే చిన్న కార్లలో చాలావాటికి ఇంజనూ గేర్‌బాక్సూ ఒకే ముద్దగా, ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉంటాయి. ఆ ముద్దను తిప్పకుండా తిన్నగా వెనక్కు జరిపితే చాలు, చక్రాలు ముందుకే తిరుగుతాయి. 1972లో ఫియట్‌వారు ఎక్స్ 1/9 అనే కారును ఈ పద్ధతిలోనే, తమ 128 కారు ఇంజనుతో చేశారు. 1984లో టొయోటావారి ఎం.ఆర్.2 కూడా ఇదే దారి. ఇంటిలో కట్టుకునేవాళ్ళు ఎక్కువమంది ఈ దారినే పోతారు. ఒక్క జాగ్రత్త. ముందు చక్రాలు పక్కలకు తిరిగేవి. వాటి అమరికను అట్లాగే వెనక్కు తెస్తే వెనక చక్రాలు కూడా పక్కలకు తిరుగుతానంటాయి! స్టీరింగు కడ్డీలను కదలకుండా చట్రానికి బిగించాలి.

మోటారు సైకిలు ఇంజను మాటేమిటని అడుగుతారు. కూపరు కాలం నుంచి అది మంచి నేస్తమే. తేలిక, గేర్లు దాని పొట్టలోనే ఉంటాయి. కాని దాదాపు ఏ మోటారు సైకిలుకూ వెనక్కు పోయే గేరు ఉండదు. దాని క్లచ్చి ఇద్దరు మనుషులను లాగటానికి చేసినది. ఒక మనిషి కూర్చునే బుల్లి కారుకు సరే, అంతకు మించితే క్లచ్చి కాలిన వాసన వస్తుంది.

ఇక కొనటం. ఎద్దును కొనేవాడు పళ్ళు చూస్తాడు, నడిపించీ చూస్తాడు. ఊడదీసి గోనెపట్టా మీద పెట్టిన ఇంజనును, తుడిచి నూనె రాసి ఉన్నదని మురిసి కొనేవాడు నడవని ఎద్దును కొన్నట్టే. మొత్తం కారును కొనటం మేలు. అందులోనూ వెనక నుంచి దెబ్బ తిన్న కారైతే మరీ మేలు. ఇంజను ముందున్నది గనుక దానికి దెబ్బ తగలదు, తుక్కు కనుక ధర తగ్గుతుంది. ఊడదీయక ముందే స్టార్టు చేసి వినవచ్చు, పొగ చూడవచ్చు. పైగా నేటి ఇంజను ఒంటరిగా పనిచెయ్యదు. దానికొక చిన్న కంప్యూటరు పెట్టె, మూరెడు లావు తీగల కట్ట, దొంగలు ఎత్తుకుపోకుండా తాళంచెవిని గుర్తుపట్టే ఏర్పాటు ఉంటాయి. ఇంజను తెచ్చుకుని తాళంచెవి వదిలేసి వస్తే, ఆ ఇంజను మిమ్మల్ని కూడా దొంగలనే అనుకుంటుంది!

గేరు మార్చే పద్ధతి కూడా చూసుకోవాలి. గేర్‌బాక్సు వెనక్కు పోయింది, డ్రైవరు చెయ్యి ముందున్నది. ఇనప కడ్డీలతో మార్చే రకమైతే కడ్డీలను వంచి, కీళ్ళు వేసి అక్కడిదాకా తేవాలి. కేబుళ్ళతో మార్చే రకమైతే పొడుగు కేబుళ్ళు వేస్తే పనయిపోతుంది. రేడియేటరు ముందే ఉంటే నీళ్ళ గొట్టాలు కారు పొడవునా పోవాలి. ఎక్కడైనా గాలి బుడగ చిక్కుకుంటే నీళ్ళు తిరగవు, ఇంజను కాగిపోతుంది. కనుక అన్నిటికంటె ఎత్తైన చోట గాలి వదలటానికి ఒక మర పెడతారు. ఇంజనుకూ మనిషి వీపుకూ మధ్య రేకు గోడ తప్పనిసరి. పెట్రోలు ఎంత దగ్గరలో ఉంటుందో ఆలోచించండి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇంగ్లండులో ఇంట్లో కట్టిన కారును ప్రభుత్వంవారు పరీక్ష చేసి, నెగ్గితేనే రోడ్డు మీదికి రానిస్తారు. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. పిల్లవాడికి ఈ పిచ్చి పట్టిందని మీరు బెంగపడనక్కరలేదు, దానికి దారి వేరే ఉన్నది. ఇంజనీరింగు విద్యార్థులు స్వయంగా చిన్న పందెపు కార్లు కట్టి పోటీకి తెచ్చే ఫార్ములా స్టూడెంట్ పోటీలు ఎన్నో దేశాలలో జరుగుతాయి. మన దేశంలో ఫార్ములా భారత్ పేరుతో కోయంబత్తూరులో జరిగాయి. వాటి నిబంధన ఒకటి నాకు చాలా నచ్చింది. ఇంజను 710 సి.సి. మించకూడదు. పెట్రోలు ఇంజను పీల్చే గాలి అంతా 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే పోవాలి. ఆ రంధ్రం మీ బొటనవేలు పట్టేటంత. ఎంత పెద్ద ఇంజను తెచ్చినా ఊపిరి అంతే! చాలామంది మోటారు సైకిలు ఇంజనునే తెచ్చుకుంటారు.

ఇక బంతి సంగతి. కాదన్నవాడికి ఒక లెక్క ఇస్తున్నాను. పైన చెప్పిన మొదటి కారులో ఇంజను మార్చకుండా, చట్రంలోనూ డొప్పలోనూ 30 కిలోలు తగ్గించామనుకో. అప్పుడు ఒక్కొక్క అశ్వం వంతుకు ఎన్ని కిలోలు వస్తాయి? 780 కిలోల కారుతో పోల్చి, రెండు వాక్యాలలో కారణం రాసి పంపు. సరిగా ఉంటే బంతి నీది. పై నెల పదో తారీఖులోగా ఉత్తరం రాకపోతే బంతి మీ స్నేహితుడి దగ్గరే ఉంటుంది.